లేపాక్షిలో పక్షి ఎక్కడిది?

లేపాక్షి అన్న పేరుకు తెలుగునాట అందరూ చెప్పే అర్థం ఒకటుంది. రావణుడు రెక్కలు నరికితే నేలకూలిన జటాయువును చూసి రాముడు 'లే, పక్షీ' అన్నాడట. ఆ మాటే ఊరి పేరైందట. హిందూపురం నుంచి 15 కిలోమీటర్లు ప్రయాణించి విహారయాత్రకు వచ్చే బడిపిల్లలు మొదట వినేది ఈ కథే. గుడి లోపలికి వెళ్లాక ఇంకో కథ వినిపిస్తుంది. అందులో పక్షి లేదు, కన్ను ఉంది. ఆలయం కట్టించిన విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకేసి కొట్టాడని, 'లేప అక్షి' అన్నది అలా పుట్టిందని ఆ కథ. చదువుకున్నవాళ్లు మూడోది చెబుతారు: లేపం అంటే పూత, అక్షి అంటే కన్ను, కనుక లేపాక్షి అంటే రంగు పూసిన కన్ను.

ఒకే పేరుకు మూడు పుట్టుకలు. మూడింటికీ తేడా అంతా పేరును ఎక్కడ విరిచారన్న దాంట్లోనే ఉంది. 'లే' దగ్గర విరిస్తే పక్షి ఎగిరొస్తుంది, 'లేప' దగ్గర విరిస్తే కన్ను తెరుచుకుంటుంది. ఏ విరుపుకు ఎంత బలముందో చూడాలంటే పురాణం, వ్యాకరణం, చరిత్ర మూడింటినీ పక్కపక్కన పెట్టాలి.

ఊరి సంగతి ముందు. లేపాక్షి 2022 ఏప్రిల్ 4 దాకా అనంతపురం జిల్లాలో ఉండేది. జిల్లాల విభజన తరువాత శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన మాత్రమే పడే మెట్ట పీఠభూమి ఇది. దేశంలో అతి తక్కువ వాన కురిసే ప్రాంతాల్లో ఒకటి. నేల మీద మట్టి పలచన, నల్లరాతి గుండ్లు ఎక్కువ. ఆ గుండ్లనే విజయనగర శిల్పులు పనికి తెచ్చుకున్నారు. ఊరి మొదట్లో ఉన్న నంది 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, ఒకే రాయి. గుడిలో ఏడు పడగలతో లింగానికి గొడుగు పట్టిన నాగేంద్రుడూ ఒకే గుండులోంచి వచ్చినవాడు. తాబేటి వీపులా ఉన్న తిప్ప మీద గుడి కట్టారు కాబట్టి దాన్ని కూర్మశైలం అన్నారు. మూలదైవం వీరభద్రుడు. ఇప్పుడున్న కట్టడంలో ఎక్కువ భాగం అచ్యుతరాయల ఏలుబడిలో, అంటే 1529 - 1542 మధ్యకాలంలో, పెనుగొండలో రాజోద్యోగిగా ఉన్న విరూపణ్ణ, అతని తమ్ముడు వీరణ్ణ పూనికతో లేచింది.

పక్షి కథ

వాల్మీకి చెప్పిన జటాయువు అరుణుడి కొడుకు, సంపాతికి తమ్ముడు, దశరథుడికి స్నేహితుడు. పంచవటికి వెళ్లే దారిలో రామలక్ష్మణులకు ఎదురై, మీరు లేనప్పుడు సీతను నేను కాచుకుంటానని మాట ఇచ్చినవాడు. ఆ మాట కోసమే ముసలితనంలో రావణుడి రథానికి అడ్డం పడ్డాడు. రావణుడు రెక్కలూ కాళ్లూ నరికాడు. అరణ్యకాండలో రాముడు అతణ్ని మొదట చూసిన తీరు మన ఊరి కథకు పూర్తిగా భిన్నం. నెత్తుటిలో తడిసి పడివున్న ఆ పెద్ద ఆకారాన్ని చూసి, సీతను తిన్న రాక్షసుడు గద్ద రూపంలో ఉన్నాడనుకొని రాముడు బాణం ఎక్కుపెడతాడు. జటాయువు నోరు విప్పి జరిగింది చెప్పాకే విల్లు పారేసి కౌగిలించుకుని ఏడుస్తాడు. సీతను ఎత్తుకుపోయింది రావణుడని, దక్షిణ దిక్కుకు పోయాడని చెప్పి, వాడి పుట్టుపూర్వాలు చెప్పబోతూ సగంలోనే పక్షి ప్రాణం విడుస్తుంది. రాముడు తండ్రికి చేసినట్టు దహనం చేసి, గోదావరిలో దిగి నీళ్లు వదులుతాడు.

ఆ గోదావరే లేపాక్షి కథకు మొదటి చిక్కు. చితి పేర్చిన చోటు నుంచి నడిచి వెళ్లి తర్పణం విడిచేంత దగ్గరలో నది ఉండాలి. లేపాక్షికి గోదావరి వందల కిలోమీటర్ల దూరం. రావణుడి రథం ఆకాశంలో దక్షిణానికి సాగుతుంటే ఇక్కడ అడ్డుకున్నాడని సర్దిచెప్పేవారున్నారు. వాల్మీకి వరస దానికి ఒప్పుకోదు.

జటాయువు పడిన చోటు మాదేనని చెప్పుకునే ఊళ్లు లేపాక్షితో ఆగవు. భద్రాచలం పక్కనున్న ఎటపాకను జటాయుపాక అంటారు. కాంచీపురం దగ్గర తిరుప్పుట్కుళి విజయరాఘవ పెరుమాళ్ కోవెలలో రాముడు జటాయువుకు ఉత్తరక్రియలు చేశాడని స్థలపురాణం. కావేరి గడ్డ మీది వైదీశ్వరన్ కోయిల్‌లో జటాయు కుండం ఉంది, ఆ ఊరి పాత పేరు పుళ్ళిరుక్కువేళూరు. కేరళలో కొల్లం జిల్లా చడయమంగళాన్ని జటాయుమంగళం అన్న మాట అరిగి వచ్చిందంటారు. అక్కడి కొండ మీద 2018లో తెరిచిన జటాయువు శిల్పం 200 అడుగుల పొడవుంది.

ఈ పేర్లన్నీ ఒకచోట చేర్చి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. తమిళంలో 'పుళ్' అంటే పక్షి, 'కుళి' అంటే గొయ్యి. పుట్కుళి అంటే పక్షిగుంత. పుళ్ళిరుక్కువేళూరులో మొదటి ముక్క ఆ పుళ్ళే. చడయమంగళంలో, ఎటపాకలో జటాయువు పేరే వినిపిస్తుంది. లేపాక్షిలో పక్షి వినిపిస్తుంది. పేరులో పక్షి వినిపించిన చోటల్లా జటాయువు వాలాడు. కథ ముందుండి పేరు దాని నుంచి పుట్టిందనడం కన్నా, పేరు ముందుండి కథ దానిలో గూడు కట్టుకుందనడానికే ఈ వరసలో బలమెక్కువ.

రెండో చిక్కు వ్యాకరణంలో ఉంది. 'లే' తెలుగు క్రియ, 'పక్షి' తెలుగులో కలిసిపోయిన సంస్కృత నామం. ఈ రెండూ పక్కపక్కన నిలిస్తే 'లే పక్షి' అవుతుంది, పిలుపులో 'లే పక్షీ' అవుతుంది. 'ప' దీర్ఘమై 'పా' కావడానికి తెలుగు సంధుల్లో దారి లేదు. జనం నోట పేర్లు అరుగుతాయి, పొట్టివవుతాయి. కారణం లేకుండా నడిమి అక్షరం సాగడం అరుదు. ఊరి పేరులో ఆ దీర్ఘం స్థిరంగా ఉంది. దాన్ని పట్టించుకోకుండా విరిస్తేనే పక్షి కథ నిలుస్తుంది.

ఇంకో మాట. రాముడు 'లే' అనాలంటే తెలుగులో మాట్లాడి ఉండాలి. కన్నడంలో అదే మాటకు 'ఏళు' అనాలి. లేపాక్షి రెండు భాషల సరిహద్దు ఊరు. ఇక్కడి నుంచి బెంగళూరు 120 కిలోమీటర్లే, గుడి ప్రాకారపు గోడల మీద కన్నడ శాసనాలు కనిపిస్తాయి. కన్నడం శాసనాల్లో నడిచిన చోట, తెలుగు చెవికి మాత్రమే అందే పేరు కథ ఒకటి ఇంత గట్టిగా నాటుకుందంటే, అది కొలువులో పుట్టింది కాదు, ఊళ్లో తెలుగు మాట్లాడే మనుషుల మధ్య పుట్టింది. చరిత్రగా నిలబడకపోయినా ఆ కథకున్న విలువ అదే.

ఆ మనుషులకు రామాయణం ఎలా అందిందో కూడా తెలుసు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరుపడ్డ ఊరు. పల్లెపల్లెకూ వెళ్లి రాత్రంతా ఆడే తోలుబొమ్మలాటకు ఆధారం సంస్కృత మూలం కాదు, ద్విపదలో నడిచే రంగనాథ రామాయణం. తెల్లటి తెర మీద దీపం వెలుగులో రెక్క తెగిన పక్షి కూలడం, రాముడు వంగి దాన్ని ముట్టుకోవడం చూసిన ప్రేక్షకులకు పక్క ఊరి పేరులో ఆ మాట వినిపించడంలో ఆశ్చర్యమేముంది? 2024 జనవరి 16న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ లేపాక్షికి వచ్చినప్పుడు విన్నది రంగనాథ రామాయణ గానమే, చూసింది జటాయువు ఘట్టం తోలుబొమ్మలాటే. మూలంలో బాణం ఎక్కుపెట్టిన రాముడిని, చూడగానే 'లే' అని లేపే రాముడిగా మార్చుకోవడంలో ఈ నేల మనుషుల మనసు కనిపిస్తుంది.

కన్ను కథ

విరూపణ్ణ కథను రకరకాలుగా చెబుతారు. సారాంశం ఇది. రాజు లేని సమయంలో విరూపణ్ణ ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టేశాడు. పని కడపటికి వచ్చింది, కల్యాణ మండపం ఒక్కటే మిగిలింది. తిరిగొచ్చిన రాజు ఖాళీ బొక్కసం చూసి కళ్లు తీయించమన్నాడు. భటులు వచ్చేలోగా విరూపణ్ణ ఆ శిక్ష తానే వేసుకున్నాడు. కల్యాణ మండపం దగ్గరి గోడ మీద రెండు ఎర్రటి మచ్చలను ఇప్పటికీ చూపిస్తారు. మండపం పైకప్పు లేకుండా ఆగిపోయింది కాబట్టి కథకు కంటికి కనిపించే సాక్ష్యం కూడా దొరికింది.

ఈ కథ కదిలిస్తుంది, అందులో అనుమానం లేదు. కాని ఊరి పేరుకు మూలమని చెప్పడానికి నిలవదు. ఇది నిజమైతే విరూపణ్ణకు ముందు ఊరికి వేరే పేరుండాలి. కథ ఆ పేరు ఎక్కడా చెప్పదు. కూర్మశైలం తిప్ప పేరే గాని ఊరి పేరు కాదు. పైగా 'లేపం' అన్న మాటకు సంస్కృతంలో పూత, పూయడం అనే అర్థాలున్నాయి. గుడ్డితనం అన్న అర్థం లేదు. అందుకే కొందరు దీన్ని 'లోపాక్షి' అని సవరించి, లోపించిన కన్ను అంటారు. అప్పుడు 'లో' ఎందుకు 'లే' అయిందో చెప్పాలి.

అయితే కన్ను ఈ గుడికి ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న వేస్తే, విరూపణ్ణ కథ వెనుక చాలా లోతు ఉన్నట్టు తెలుస్తుంది. మొదట అతని పేరే చూడాలి. విరూపణ్ణ అంటే విరూపాక్షుడి పేరు పెట్టుకున్నవాడు. విరూపాక్షుడు హంపిలో కొలువైన విజయనగర రాజుల ఇలవేల్పు. ఆ పేరుకు వింత కన్ను గలవాడని, ముక్కంటి అని అర్థం. అంటే కట్టించినవాడి పేరులోనే అక్షి దాగి ఉంది.

తరువాత గుడిలోని దేవుణ్ని చూడాలి. వీరభద్రుడు దక్షయజ్ఞాన్ని ధ్వంసం చేయడానికి శివుడి కోపంలోంచి పుట్టినవాడు. భాగవతం నాలుగో స్కంధంలో ఆ యజ్ఞశాలలో ఒక్కొక్కరికి ఒక్కొక్క శిక్ష పడుతుంది. దక్షుడి తల తెగుతుంది. పూషుడి పళ్లు రాలతాయి. భగుడి కళ్లు వీరభద్రుడు పెరికేస్తాడు. ఎందుకంటే దక్షుడు శివుణ్ని తిడుతున్నప్పుడు భగుడు నోటితో ఏమీ అనలేదు, కంటితో సైగచేసి ఉసిగొల్పాడు. తప్పు చేసిన అవయవానికే శిక్ష. కళ్లు తీసే దేవుడి గుడిలో కళ్లు పోగొట్టుకున్న భక్తుడి కథ పుట్టడానికి ఇంతకన్నా అనువైన నేల ఉండదు.

మూడోది కాళహస్తి. శివుడి కంటి నుంచి నెత్తురు కారుతుంటే తన కన్ను పెరికి పెట్టిన తిన్నడు కన్నప్ప అయ్యాడు. శ్రీకృష్ణదేవరాయల కాలపు కవి ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో ఆ కథను విస్తరించి చెప్పాడు. లేపాక్షి గుడి లేచింది ఆ తరువాతి ఏలుబడిలోనే. కన్ను ఇవ్వడం భక్తికి పరాకాష్ఠ అని శైవం అప్పటికే నేర్పింది. విరూపణ్ణ కథలో భగుడి శిక్ష, కన్నప్ప త్యాగం రెండూ ఒకే మనిషిలో కలిశాయి. రాజు దృష్టిలో అతను దొంగ, అందుకు శిక్ష పడాలి. దేవుడి దృష్టిలో భక్తుడు, అందుకు తన చేత్తో తానే ఇవ్వాలి. ఊరి పేరుకు మూలం చెప్పడంలో ఈ కథ ఓడిపోతుంది. గుడికి డబ్బు పెట్టిన అధికారిని జనం ఎలా చూశారో చెప్పడంలో దీన్ని మించిన ఆధారం దొరకదు.

రంగు పూసిన కన్ను

వ్యాకరణం ఒప్పుకునేది మూడో అర్థమే. లేప + అక్షి కలిస్తే సవర్ణదీర్ఘ సంధితో లేపాక్షి అవుతుంది. పక్షి కథ దాటవేసిన ఆ దీర్ఘం ఇక్కడ తన చోట తాను కూర్చుంటుంది. మీనాక్షి, కామాక్షి, విశాలాక్షి అన్న పేర్ల అచ్చు కూడా ఇదే.

గుడి కప్పు చూస్తే ఈ అర్థం ఇంకా బాగా నప్పుతుంది. నల్లరాతి కప్పు మీద సున్నపు గచ్చు పూసి, దాని మీద గీత గీసి, ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ నింపారు. అర్జునుడికి శివుడు కిరాతుడై ఎదురైన కథ, పార్వతీ కల్యాణం, ద్రౌపది స్వయంవరం, రామ పట్టాభిషేకం, దూడను చంపిన తన కొడుకుకే మరణశిక్ష వేసిన చోళరాజు కథ వరసగా సాగుతాయి. ఒకచోట కప్పునంతా ఆక్రమించిన వీరభద్రుడు, అతని పాదాల దగ్గర భక్తులుగా విరూపణ్ణ, వీరణ్ణ ఉంటారు. మగవాళ్ల తలల మీద విజయనగర కొలువు ఫ్యాషనైన పొడుగాటి కుళ్లాయిలు, ఆడవాళ్ల ఒంటి మీద ఒకదానితో ఒకటి పోలని అంచుల చీరలు. ఈ బొమ్మల్లో చాలా ముఖాలు పక్కకు తిరిగి ఉంటాయి. పక్కకు తిరిగిన ముఖంలో కన్ను మాత్రం పెద్దదిగా, కొనతేలి, గట్టి నల్లగీతతో నిలుస్తుంది. కింద నుంచి తలెత్తి చూసేవారికి రంగులు వెలిసినచోట కూడా ముందు కనిపించేది ఆ కన్నే. విజయనగర కాలపు కుడ్యచిత్రాల్లో ఇంతగా మిగిలినవి చాలా అరుదు కాబట్టి, 'రంగు పూసిన కన్ను' అన్న అర్థం కళాచరిత్ర రాసేవారికి నచ్చడంలో వింత లేదు.

నచ్చినంత మాత్రాన రుజువైనట్టు కాదు. విరూపణ్ణ కథకు అడ్డొచ్చిన కాలం దీనికీ అడ్డొస్తుంది. బొమ్మలు పదహారో శతాబ్దానివి. ఊరు, ఊళ్లోని పాపనాశేశ్వరుడు గుడి కన్నా పాతవని స్థలపురాణం చెబుతుంది. అగస్త్యుడు ఆ లింగాన్ని ప్రతిష్ఠించాడంటుంది. అగస్త్యుడి సంగతి ఎలా ఉన్నా, ఊరే లేని గుట్ట మీద ఇంత పెద్ద గుడి కట్టారనుకోవడం కష్టం. ఊరు ముందే ఉంటే పేరూ ముందే ఉంటుంది. బొమ్మలు వేయకముందే బొమ్మల వల్ల పేరు రాదు. సంధి సరిపోవడం ఒక అర్హత, అంతే. సంస్కృతంలో బాగా విరిగే పేరు మొదట సంస్కృతమే అయి ఉండాలన్న నియమం లేదు.

ఇకారియా ద్వీపం, యాస్కుడి మాట

పురాణం నుంచి పేరు పుట్టిందా, పేరు నుంచి పురాణం పుట్టిందా అన్న తగువు లేపాక్షి ఒక్కదానిదే కాదు. గ్రీసు తూర్పున ఏజియన్ సముద్రంలో ఇకారియా అనే ద్వీపం ఉంది. దాని చుట్టూ నీటికి ఇకారియన్ సముద్రమని పేరు. క్రీట్ రాజు మినోస్ చెర నుంచి తప్పించుకోవడానికి శిల్పి డేడలస్ ఈకలను మైనంతో అతికి తనకూ కొడుకు ఇకరస్‌కూ రెక్కలు చేశాడు. కొడుకు తండ్రి మాట వినక సూర్యుడి దగ్గరికి ఎగిరాడు, మైనం కరిగింది, సముద్రంలో పడ్డాడు. తెలుగువారికి ఇది వినగానే జటాయువు అన్న సంపాతి గుర్తుకొస్తాడు. అన్నదమ్ములిద్దరూ పందెం కట్టి సూర్యుడి దాకా ఎగిరినప్పుడు, వేడికి సొమ్మసిల్లుతున్న తమ్ముడి మీద సంపాతి తన రెక్కలు కప్పాడు. ఆ రెక్కలు కాలి వింధ్యపర్వతం మీద పడ్డాడు. అక్కడ కొడుకు మొండితనం, ఇక్కడ అన్న త్యాగం. పడిపోవడం ఒకటే.

అపొల్లోడోరస్ పేరుతో నిలిచిన గ్రీకు పురాణ సంగ్రహం చెప్పేదేమంటే, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఇకరస్ శవాన్ని హెరాక్లీస్ పూడ్చిపెట్టి, అప్పటిదాకా డోలిఖె అని పిలిచే ఆ ద్వీపానికి ఇకారియా అని పేరు పెట్టాడు. రోమన్ రచయిత ప్లినీ దానికి మరో రెండు పాత పేర్లు చేర్చాడు: మాక్రిస్, ఇఖ్థియోఎస్సా. డోలిఖె అన్నా మాక్రిస్ అన్నా పొడుగాటిది, ఇఖ్థియోఎస్సా అంటే చేపలున్నది. నిజంగానే ద్వీపం పొడుగ్గా ఉంటుంది. నేల ఆకారం చూసి, చుట్టూ దొరికేది చూసి పెట్టిన పేర్ల మీదికి ఒక వీరుడి పేరు వచ్చి కూర్చుందని గ్రీకులే రాసిపెట్టుకున్నారు. లేపాక్షి కథల్లో లేనిది సరిగ్గా ఈ ముక్కే. కథకు ముందు ఊరిని ఏమని పిలిచేవారో ఇక్కడ ఎవరూ చెప్పలేదు.

పేర్లకు ఇలా మూలాలు వెతకడం మన దగ్గరా పాత విద్యే. వేదపదాలకు అర్థం చెప్పిన యాస్కుడి నిరుక్తంలో ఒక్కో మాటకు రెండు, మూడు, అంతకన్నా ఎక్కువ నిర్వచనాలు పక్కపక్కన ఉంటాయి. ఒకటి ఒప్పయితే మిగతావి తప్పని ఆయన అనుకోలేదు. అర్థం ప్రధానమని, ఇంకేమీ దొరక్కపోతే అక్షరం పోలికను పట్టుకొని అయినా మాటను విడమరచాలని, విడమరచకుండా మాత్రం వదలకూడదని ఆయన పద్ధతి. నామాలన్నీ క్రియల నుంచే పుట్టాయన్న శాకటాయనుడి వాదాన్నీ, అన్నీ కావన్న గార్గ్యుడి వాదాన్నీ ఆయనే ఎదురెదురుగా పెట్టాడు. గ్రీసులో ప్లేటో తన క్రాటిలస్ సంభాషణలో సోక్రటీసు చేత అపోలో దేవుడి పేరుకు నాలుగు అర్థాలు చెప్పించాడు. లేపాక్షి గైడు ఒకే ఊపులో పక్షినీ కన్నునూ చెప్పి రెంటినీ నిలబెట్టడం వెనుక ఉన్నది అజ్ఞానం కాదు, ఈ పాత అలవాటే. చరిత్రకారుడు ఒక్క మూలం కోసం వెతుకుతాడు. స్థలపురాణానికి ఎన్ని ఎక్కువైతే అంత మంచిది.

చుట్టుపక్కల పేర్లు చెప్పేది

ఒక పేరును ఒంటరిగా తీసుకుంటే ఏ అర్థమైనా చెప్పవచ్చు. పొరుగు పేర్ల మధ్య నిలబెడితే హద్దులు తెలుస్తాయి.

అనంతపురమే చూడండి. విజయనగర తొలి రోజుల్లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు ఇక్కడ పెద్ద చెరువు తవ్వించాడు. అటూ ఇటూ అనంతసాగరం, బుక్కరాయసముద్రం అని ఊళ్లు లేచాయి. అనంత అనేది బుక్కరాయల రాణి పేరని కొందరంటే, ఆ పేరుతో రాణి లేదు, మంత్రికే అనంతరస అన్న పేరుండేదని మరికొందరన్నారు. తగువు తెగకపోయినా, పేరు చెరువు నుంచి వచ్చిందన్న దాంట్లో అనుమానం లేదు. వాన రాని సీమలో చెరువుకు సాగరమని, సముద్రమని పేరు పెట్టుకున్నారు. ఆ పేర్లలో కోరిక ఎంత ఉందో చెరువు ఎండిన ఏడు ఆ గట్టు మీద నిలబడినవారికి చెప్పనక్కర్లేదు.

హిందూపురం పేరు గుత్తిని ఏలిన మురారిరావు తండ్రి హిందూరావుది అంటారు. పెనుగొండ తేట తెలుగు: పెను కొండ. కాని సంస్కృతంలో రాసేటప్పుడు దాన్ని ఘనగిరి చేశారు. కదిరి నరసింహస్వామి ఊరు ఖాద్రి అయి, ఖదిర అంటే చండ్ర చెట్టు, అద్రి అంటే కొండ అన్న వివరణ తెచ్చుకుంది. ఈ రెండు ఉదాహరణలు లేపాక్షికి చాలా దగ్గర. నోటి వాడుకలో ఉన్న పేరుకు పండితులు సంస్కృతపు చీర కట్టడం ఇక్కడ మామూలే. పెనుగొండ విషయంలో లోపలి తెలుగు ఇంకా కనిపిస్తుంది. కదిరిలో సగం కనిపిస్తుంది. లేపాక్షిలో, ఒకవేళ అలాంటిదేదైనా ఉండి ఉంటే, పూర్తిగా మరుగునపడింది.

దానికి ఒక సూచన మాత్రం ఉంది. చుట్టుపక్కల చిలమత్తూరు, గోరంట్ల, రొద్దం, పరిగి, మడకశిర ఉన్నాయి. పల్లి, పురం, కుంట, చెరువు, కొండ అని ముగిసే ఊళ్లు లెక్కలేనన్ని. వీటి మధ్య లేపాక్షి ఒక్కటే దేవత పేరులా వినిపిస్తుంది. ఊరికి దేవత పేరే ఊరి పేరు కావడం దక్షిణాదిలో కొత్త కాదు. మీనాక్షి, కామాక్షి వరసలోని ఒక అమ్మవారి పేరు ఊరికి మిగిలిందా, లేక మరేదో దేశి మాట ఆ అచ్చులోకి మారిందా అన్న రెండు దారులే చివరికి గట్టిగా కనిపిస్తాయి. జటాయువు, విరూపణ్ణ, చిత్రకారుడు ముగ్గురూ ఆ పేరు విన్నాక వచ్చినవారే.

పేరు తరువాత నడిచిన దారి

పుట్టుక చీకట్లో ఉన్నా, లేపాక్షి అన్న మాట గత వందేళ్లలో ఎలా కొత్త అర్థాలు తెచ్చుకుందో స్పష్టంగా తెలుస్తుంది. చిత్రకారుడు, కవి, నవలాకారుడు అడివి బాపిరాజు లేపాక్షి బసవన్న మీద రాసిన గేయం తెలుగువారి నోళ్లలో నిలిచింది. దానితో లేపాక్షి అనగానే గుడిలోని వీరభద్రుడి కన్నా ఊరి మొదటి నంది గుర్తుకు రావడం మొదలైంది. ఆంధ్రప్రదేశ్ హస్తకళల అభివృద్ధి సంస్థ తన అమ్మకపు శాలలకు లేపాక్షి అని పేరు పెట్టింది. అప్పటి నుంచి హైదరాబాదులో, విజయవాడలో, ఢిల్లీలో 'లేపాక్షికి వెళ్లొచ్చాం' అంటే కొండపల్లి బొమ్మో కలంకారీ దుప్పటో కొన్నారని అర్థం. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ తన హస్తకళల దుకాణాలకు గోల్కొండ పేరు తీసుకుంది, లేపాక్షి ఆంధ్రప్రదేశ్‌కు మిగిలింది. నేతపనివారికి ఈ మాట మరో అర్థం ఇచ్చింది: గుడిలోని లతామండపం స్తంభాల మీద చెక్కిన తీగలు, కప్పు బొమ్మల్లోని చీర అంచులు నమూనాలుగా మగ్గం మీదికి ఎక్కి లేపాక్షి డిజైన్ అయ్యాయి.

2022లో భారతదేశం యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకు పంపిన స్థలాల్లో లేపాక్షి వీరభద్రాలయం, ఏకశిలా నంది ఉన్నాయి. విజయనగర శిల్ప, చిత్రకళా సంప్రదాయానికి ప్రతినిధిగా వాటిని చేర్చారు. ఆ వివరణలో పక్షి లేదు. ఊళ్లో మాత్రం నంది ఎదుటి పెద్ద గుండు మీద రెక్కలు చాచిన జటాయువు బొమ్మ నిలబెట్టారు. హిందూపురం నుంచి బస్సు దిగినవారికి గుడి కన్నా ముందు కనిపించేది ఆ పక్షే.